నలభై నాలుగో కిలోమీటరు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. అరచేతిలో ఇమిడిపోయే నల్ల ప్లాస్టిక్ ఒళ్ళు, బూడిద రంగు తెర, నెత్తిన మూడు మీటలు, మెడలో వేసుకోవడానికి ఒక పసుపు తాడు. సెకనును నూరు ముక్కలు చేసి చూపించడం నా పని. ఆ ముక్కలతో మనుషులకు ఏం అవసరమో నాకు ఈ రోజుకూ తెలియదు. ‘ఒక్క సెకను ఆగు’ అని పది నిమిషాలు నిలబెట్టే జాతి వాళ్ళది.

నేను పుట్టిన ఫ్యాక్టరీ పేరు నా వీపు మీద అచ్చువేసి ఉండేది. ఎందరి చేతుల చెమటకో ఆ అక్షరాలు చెరిగిపోయాయి. పుట్టుక గురించి నాకు గుర్తున్నది ఇంతే. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నన్ను పెట్టెలో సర్దే ముందు పదిసార్లు నొక్కి చూసింది. పదోసారికి ఆవులించింది. నేను సరిగ్గా పనిచేస్తున్నానని అలా తేలింది.

హైదరాబాదులో ఆటసామాన్ల దుకాణంలో కొన్నాళ్ళు ఉండి, అక్కడినుంచి నిర్మల్‌లో ఒక ఆడపిల్లల హైస్కూలుకు చేరాను. అక్కడ డ్రిల్లు మాస్టారు వహీద్ సార్ మెడలో ఇరవై రెండేళ్ళు వేలాడాను. మంచి మనిషి. అబద్ధాలకోరు. అందరికంటే వెనక రొప్పుతూ వచ్చిన పిల్లకు నా మీద ఉన్న అంకెలోంచి రెండు సెకన్లు తగ్గించి చదివేవారు. అందరికంటే ముందొచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డ పిల్లకు ఒక సెకను కలిపి చదివేవారు. మొదటి పిల్ల మర్నాడు కూడా గ్రౌండుకు వచ్చేది. రెండో పిల్ల మర్నాడు ఇంకాస్త గట్టిగా పరుగెత్తేది. నేను చూపించిన అంకె మాత్రం ఎవరికీ అక్కరకు రాలేదు. నేనేమీ నొచ్చుకోలేదు. అందుకు తగిన మీట నాకు పెట్టలేదు.

ఆయన రిటైరైన రోజు బడివాళ్ళు శాలువా కప్పి గోడగడియారం ఇచ్చారు. ఆయన నన్ను కూడా అడిగి తీసుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన వంటింట్లో, పొయ్యి పక్కన మేకుకు వేలాడుతూ, కోడిగుడ్లు ఎంతసేపు ఉడికాయో చూసే ఉద్యోగం చేశాను. గుడ్ల విషయంలో ఆయన ఎప్పుడూ అబద్ధమాడలేదు.

ఒక ఏప్రిల్ ఉదయం ఆ ఇంటికి గంగామణి వచ్చింది.

గంగామణికి అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. పదమూడేళ్ళు బస్సులో కండక్టరుగా నిలబడి పనిచేసిన మనిషి. భర్తతో విడిపోయి చాలా కాలమైంది. ఆమె ఇంట్లో ఆమె, తమ్ముడు భూమేశ్, ఇద్దరే. రెండేళ్ళ కింద భూమేశ్‌కు రెండు కిడ్నీలూ పాడైతే ఆమె తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషను ఇద్దరికీ బాగానే జరిగింది. ఆమెకు చిక్కు ఆ తర్వాత మొదలైంది. బరువెత్తొద్దన్నారు. ఎండకు పోవద్దన్నారు. ఎక్కువసేపు నిలబడొద్దన్నారు. పైఅధికారులు దయతలచి ఆమెను బస్సు దింపి, బస్టాండులో ఎంక్వైరీ గదిలో కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో మైకులో చెప్పడం ఇప్పుడామె పని. తెలిసినవాళ్ళు ఎదురైతే ‘దేవతవమ్మా నువ్వు’ అని దండం పెట్టి, వెంటనే కుర్చీ తెచ్చి వేసేవారు. దేవత కనబడితే కూర్చోబెట్టడం ఒక్కటే మనుషులకు తెలిసిన మర్యాద కాబోలు.

ఆ నెలలో ఒక పరుగు క్లబ్బువాళ్ళు ఎంక్వైరీ గదికి వచ్చి ఆమెకు ఒక కాగితం ఇచ్చారట. డిసెంబరులో ఘాట్ రోడ్డు మీద యాభై కిలోమీటర్ల పరుగు పెడుతున్నాం, మైకులో చెప్పమ్మా అన్నారట. ఆమె చదివింది. ‘ఇరవై ఏళ్ళు దాటిన వారెవరైనా పాల్గొనవచ్చు’ అని ముగించి, అలవాటు కొద్దీ మళ్ళీ మొదటినుంచీ చదివింది. బస్సుల పేర్లయినా, ఏదైనా, రెండుసార్లు చదవడం ఆమె ఉద్యోగం.

“మొదటిసారి చదివినప్పుడు ఏమనిపియ్యలె సార్. రెండోసారి చదువుతాంటె నాకే చెప్పినట్టు ఇనబడ్డది,” అంది వహీద్ సార్‌తో. “నేను మీ దగ్గరనే చదువుకున్న. పదో తరగతి, బీ సెక్షన్. ఎనిమిది వందల మీటర్లు ఉరికేదాన్ని.”

సార్ కళ్ళజోడు సవరించుకొని ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు.

“నాకైతే యాదికొస్తలేదు బేటా. శానామంది ఉరికిన్రు.”

నేనూ ఆమెను కొలిచే ఉంటాను. నాకూ గుర్తు లేదు.

“డాక్టర్‌ను అడిగినవా?”

“అడిగే వచ్చిన. ఉరకొచ్చన్నడు. నొప్పి గోలీ ఒక్కటి గూడ మింగొద్దన్నడు, ఎంత నొప్పి లేసినా. ఒంట్ల నీళ్ళు తగ్గొద్దన్నడు. ఒంటేలు చాయ్ రంగుకు మారిందంటె అక్కడికక్కడ ఆగిపోవాలె, ఇంకొక్క అడుగు ఉరకొద్దన్నడు.”

సార్ లేచి వంటింట్లోకి వచ్చి మేకునుంచి నన్ను తీశారు.

“యాభై కిలోమీటర్ల సంగతి నాకు తెల్వది బేటా. నాకు పదిహేను వందల మీటర్ల దాకనే తెలుసు. ఒక్క నిమిషం సంగతి మాత్రం మంచిగ తెలుసు. ఒక్క నిమిషం ఉరుకు, రెండు నిమిషాలు నడువు. గట్ల పదిసార్లు. మాట్లాడుకుంట పదిసార్లు ఉరకగలిగిన్నాడు, నడిచేదాంట్లకెల్లి అర నిమిషం తీసెయ్యి. పో.”

అలా నేను గంగామణి చేతికి వచ్చాను.

ఆమె నన్ను మెడలో వేసుకోలేదు. తాడును మణికట్టుకు చుట్టుకొని, నన్ను కుడి పిడికిట్లో పట్టుకుంది. మొదటి రోజు తెల్లవారగానే ఊరి బయట బైపాస్ రోడ్డు మీద నిలబడి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకొని నొక్కింది. యాభై రెండో సెకను దగ్గర ఆగిపోయింది. మిగిలిన ఎనిమిది సెకన్లూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని వంగి, నన్ను చూస్తూ నిలబడింది. సున్నాలు వచ్చాక రెండు నిమిషాలు నడిచింది. రెండోసారి పూర్తి నిమిషం పరుగెత్తింది. ఆ రోజు పది కాలేదు, ఆరు అయ్యాయి. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె అరచేతిలో నాడి చాలాసేపటి దాకా నా ఒంటికి తగులుతూనే ఉంది.

మర్నాడు కూడా ఆరే. నాలుగో రోజు ఎనిమిది. పదకొండో రోజు పది.

బైపాస్ మీద ఉదయపు నడకకు వచ్చే పెద్దమనుషులు కొందరుండేవారు. చుడీదారు మీద తమ్ముడి పాత చొక్కా వేసుకొని పరుగెత్తే ఆడమనిషిని చూసి ఒకాయన కంగారుగా అడిగాడు, “ఏమైందమ్మా, ఎవరన్న ఎంటబడ్డరా?” అని. ఆమె అప్పుడు పరుగు నిమిషంలో ఉంది. “లేదు పెద్దనాయినా, ఊకెనే,” అంది, ఊపిరి తెగకుండా. అది చిన్న మాటే గాని, అన్న తర్వాత ఆమె నన్ను ఒకసారి గట్టిగా నొక్కి పట్టుకుంది. మాట్లాడుతూ పరుగెత్తగలిగానని అప్పుడే తెలిసినట్టుంది.

జూన్ వచ్చేసరికి నిమిషం పరుగు, నిమిషం నడక. జూలైలో ఐదు నిమిషాల పరుగు, నిమిషం నడక. నడుముకు సీసా కట్టుకునేది. ప్రతి నడక నిమిషంలో నాలుగు గుటకలు లెక్కపెట్టి తాగేది. ఉన్న ఒక్క కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూడటానికి రెండు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకొని, ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచేది. అంకెలు మారలేదని తనలో తానే అనుకునేది. తమ్ముడికి మాత్రం ‘గుడికి పోతున్న’ అని చెప్పి బయల్దేరేది. చెమటలు కక్కుతూ గుడినుంచి వచ్చే అక్కను భూమేశ్ మూడు నెలలు నమ్మాడు.

భూమేశ్‌కు బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ముప్పై రెండేళ్ళవాడు. మెత్తని వేళ్ళు, మెత్తని మనసు. ఆగస్టులో ఎవరో గిరాకీకి వచ్చినవాళ్ళు చెప్పగా అతనికి సంగతి తెలిసింది. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు నన్ను తీసుకుపోయి, కొట్టులో, చిన్న మరమేకులు విప్పి నా బ్యాటరీ తీసేశాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు నేను లేను. ఆ రోజుల గురించి తర్వాత విన్నదే చెబుతున్నాను. గంగామణి కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తిందట. ఎనిమిది స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక.

నాకు మళ్ళీ వెలుగు వచ్చేసరికి ఆమె కొట్టు ముందు నిలబడి ఉంది. భూమేశ్ నా వీపు బిగిస్తున్నాడు.

“బ్యాటరీ తీస్తె కాళ్ళు ఆగుతయనుకున్నవారా?”

అతను తల ఎత్తలేదు. “నీకేమన్న అయితె నేను ఏం మొఖం పెట్టుకొని తిరగాలె అక్కా? అక్క కిడ్నీ తీసుకొని బతికిండు, అక్కనేమో...”

“నీకు కిడ్నీ ఇచ్చిన. కాళ్ళియ్యలె.”

ఆమె చేయి చాచింది. అతను నన్ను ఆ చేతిలో పెట్టాడు. తర్వాత నెల రోజులు ఆ ఇంట్లో అన్నం తినే మాటలు, తలుపు వేసే మాటలు తప్ప ఏమీ వినబడలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం ఆమె మొదటిసారి ఘాట్ ఎక్కింది. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు అనుకుంది. ఇరవై రెండు దాటాక ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. రోడ్డు పక్కన పిట్టగోడ మీద కూర్చొని రెండు చేతులా పిక్కను పట్టుకుంది. అదే పరుగుకు తయారవుతున్న ఒక కుర్రాడు అటు వెళ్తూ ఆగి, జేబులోంచి ఒక మాత్ర తీసి ఇచ్చాడు. “నొప్పికి వేసుకోండక్కా, పది నిమిషాల్ల తగ్గుతది,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె నడుముకు నీళ్ళు ఉన్నాయి. చేతిలో మాత్ర ఉంది. ఆ మాత్రా నేనూ ఒకే పిడికిట్లో ఉన్నాం. నేను నడుస్తూనే ఉన్నాను గనుక చెప్పగలను, అలా తొమ్మిది నిమిషాలు గడిచాయి. ఒకసారి పిడికిలి నోటి దాకా వెళ్ళి దిగింది. చివరికి ఆమె ఎడమ చేత్తో ఫోను తీసి తమ్ముడికి చేసింది.

భూమేశ్ బండి మీద వచ్చేసరికి మాత్ర చెమటకు కరిగి నా తెర మీద తెల్లటి మరకైంది. అతను ముందు అది చూశాడు. వెంటనే ఆమె మొహం చూశాడు.

“మింగినవా?”

“మింగలె.”

“ఇగ బంద్ చెయ్యి అక్కా. నీకు దండం పెడుత.”

“నీ గోలీల డబ్బ చూసిన,” అంది గంగామణి. “ఈ నెలల నాలుగు రాత్రులయి అట్లనే ఉన్నయ్. ఎందుకు మింగలె?”

తెచ్చిపెట్టుకున్న కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకొని తోసేయకుండా ఉండాలంటే ఆ మాత్రలు పూట తప్పకుండా పడాలి. ఆపరేషను రోజునుంచీ ఆ ఇంట్లో అందరికంటే భూమేశ్‌కే అది బాగా తెలుసు.

“మర్చిపోయిన.”

“నాలుగుసార్లు మర్చిపోవు.”

ఒక లారీ మెల్లగా మూల్గుతూ పైకి వెళ్ళింది.

“గోలీ చేతిల పట్టుకుంటె నీ కుట్లు యాదికొస్తయ్ అక్కా. లోపల ఉన్నది నాది కాదు అనిపిస్తది. మింగబుద్ధి కాదు.”

గంగామణి పిక్క వదిలేసింది.

“అది నాదే. నీదని ఎవరన్నరు? నా లోపల ఒకటి ఉన్నది, నీ లోపల ఒకటి ఉన్నది. నా దగ్గరున్నదాన్ని నేను గుటకలు లెక్కబెట్టుకొని కాపాడుకుంటున్న. నొప్పితోని పానం పోతున్నా ఈ గోలీ మింగలె. నీ దగ్గరున్నదాన్ని సంపుతున్నది నువ్వు. నేను ఉరుకుడు బంద్ చెయ్యాలెనంటివి గదా, ముందు నువ్వు నాదాన్ని సంపుడు బంద్ చెయ్యి.”

అతను పిట్టగోడ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఏడ్చాడో లేదో నాకు తెలియదు. నేను ఆమె పిడికిట్లో బోర్లా ఉన్నాను.

ఆ సాయంత్రం భూమేశ్ చొక్కా అంచుతో నా తెర తుడిచి, నెత్తిన ఒక పక్కనున్న మీటను నొక్కి పట్టుకొని, రాత్రి ఎనిమిదికి మోగేలా అలారం పెట్టాడు. నాలో అలారం ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఇరవై ఆరేళ్ళలో దాన్ని ఎవరూ వాడలేదు. ఆ రోజునుంచీ ఉదయం ఆమెకు, రాత్రి అతనికి పనిచేశాను. నేను మోగగానే అతను మాత్ర మింగి, నోరు తెరిచి అక్కకు చూపించేవాడు. మొదట్లో అది వెటకారం. తర్వాత అలవాటైపోయింది.

డిసెంబరు రెండో ఆదివారం ఉదయం ఐదింటికి రెండువందల పైచిలుకు మంది ఒక గాలి ఊదిన కమాను కింద నిలబడ్డారు. తొమ్మిది గంటల్లో, అంటే మధ్యాహ్నం రెండింటికల్లా, యాభై కిలోమీటర్లూ పూర్తిచేయాలి. చాలామంది చేతులకు నాకంటే పదింతలు చదువుకున్న గడియారాలు ఉన్నాయి. అవి గుండె చప్పుడు చెబుతాయి, ఎత్తు చెబుతాయి, నిద్ర సరిపోలేదని మందలిస్తాయి. గంగామణి అందరికంటే వెనక నిలబడి నన్ను నొక్కింది. భూమేశ్ టవలు, నీళ్ళు పట్టుకొని చివరి గీత దగ్గరికి వెళ్ళాడు.

పరుగు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఐదు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, నాలుగు గుటకలు. ఎండెక్కే దాకా అలాగే సాగింది. ఘాట్ ఎక్కేటప్పుడు పరుగు నాలుగు నిమిషాలైంది, ముప్పై దాటాక మూడు. ఒక మలుపులో కొండముచ్చు ఆమె చేతిలోని అరటిపండును లాక్కుపోయింది. ఆమె దాన్ని కండక్టరు గొంతుతో తిట్టింది. ముప్పై ఏడు దగ్గర ఒకసారి కక్కుకుంది. ఆ తర్వాత నీళ్ళు కడుపులో నిలవలేదు. నా చుట్టూ ఉన్న అరచేయి తడి తగ్గి పొడిబారింది.

నలభై నాలుగో కిలోమీటరు బోర్డు ఒక కల్వర్టు పక్కన పెట్టారు. అక్కడ ఒక బల్ల, నీళ్ళ డబ్బాలు, క్లబ్బు తరఫున ఒక అమ్మాయి ఉన్నారు. గంగామణి పొదల చాటుకు వెళ్ళింది. తిరిగి వచ్చి కల్వర్టు గోడ మీద కూర్చుంది.

“కూసోకండి ఆంటీ, బిగుసుకపోతరు,” అంది ఆ అమ్మాయి. “ఇంక ఆరే ఉన్నయ్. దాదాపు గంట ఉన్నది. మెల్లగ ఉరికినా అందుకుంటరు.”

అమ్మాయి లెక్క సరైనదే. కానీ పొదల చాటున, ఎవరూ చూడని చోట, ఆమె చూసింది చాయ్ రంగు. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు.

“రంగు మారింది బిడ్డా,” అంది గంగామణి.

అమ్మాయికి అర్థం కాలేదు. గంగామణి నా మీటను బొటనవేలితో నొక్కింది. ఎనిమిది గంటల రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. తర్వాత చొక్కా మీద గుచ్చిన నంబరు కాగితాన్ని పిన్నీసులు ఒక్కొక్కటే తీసి విప్పి, మడత పెట్టి ఇచ్చింది. తమ్ముడికి ఫోను చేసి, భూమేశ్ వచ్చే దాకా ఆమె రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఆమె కంటే వెనకున్నవాళ్ళు పదిహేడుమంది ఆమెను దాటి వెళ్ళారు.

ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించారు. రక్తంలో కిడ్నీ సంగతి చెప్పే అంకె కొంచెం పెరిగింది, ఐదో రోజుకు దిగింది. ఆ అంకె వచ్చే దాకా భూమేశ్ మంచం పక్కనుంచి కదలలేదు. దిగిందన్న రోజు బయటికి వెళ్ళి అరగంట తర్వాత వచ్చాడు, మొహం కడుక్కొని. క్లబ్బువాళ్ళు పెట్టిన జాబితాలో ఆమె పేరు ఎదురుగా ‘పూర్తి చేయలేదు’ అని ఉంది. బస్టాండులో కొందరు ‘చెప్తె ఇన్నదా’ అన్నారు. మళ్ళీ కుర్చీలు వేశారు. ఆమె కూర్చోకుండా బస్సు డ్యూటీకి దరఖాస్తు రాసి ఇచ్చింది.

నా తెర మీది అంకెను ఆమె చెరపలేదు. భూమేశ్ కూడా చెరపలేదు. రాత్రి ఎనిమిదికి మోగడం నా దారిన నేను మోగుతూనే ఉన్నాను. మోగి ఆగాక మళ్ళీ అదే అంకె. ఎనిమిది గంటల రెండు నిమిషాల పదిహేడు.

పదమూడో రోజు ఆమెకు వారపు సెలవు. నడవొచ్చని డాక్టరు ముందురోజే చెప్పాడు. అక్కా తమ్ముడూ పొద్దున్నే ఘాట్ బస్సెక్కి కల్వర్టు దగ్గర దిగారు. బోర్డు లేదు. బల్ల లేదు. ఎండిన అరటితొక్కలు మాత్రం ఉన్నాయి. ఆమె ఒకసారి వంగి చెప్పుల పట్టీ సరిచేసుకొని, నన్ను పిడికిట్లో పట్టుకొని నొక్కింది.

నడిచారు. పరుగు లేదు. ఆపరేషను తర్వాత భూమేశ్ అంత దూరం ఎప్పుడూ నడవలేదు. రెండో కిలోమీటరు దాటగానే చెట్టు కింద కూలబడ్డాడు.

“నువ్వు పో అక్కా. నేను ఎన్కకెల్లి వస్త.”

“నాకేం తొందర లేదు. నీళ్ళు తాగు. నాలుగు గుటకలు.”

“అది నడుస్తనే ఉన్నది గదా. ఆపరాదు?”

“ఎందుకు ఆపుడు? కూసున్నా తొవ్వల్నే ఉన్నం గదా.”

అలా మూడుసార్లు కూర్చున్నారు. దారిలో ఆమె అతనికి కొండముచ్చు సంగతి చెప్పింది. అతను నవ్వి నవ్వి దగ్గాడు. చివరి మలుపు తిరిగాక రోడ్డు పక్కన ఖాళీ మైదానం వచ్చింది. చివరి గీత కమాను కట్టిన చోట నాలుగు గుంతలున్నాయి. మూడు మేకలు మేస్తున్నాయి. గుంతలు దాటగానే ఆమె నన్ను తమ్ముడి చేతికిచ్చింది.

“నొక్కు.”

అతను నొక్కాడు. చదివాడు. తొమ్మిది గంటల యాభై ఒక్క నిమిషాల ముప్పై ఆరు సెకన్లు.

“తొమ్మిది దాటింది గదక్కా. లెక్కకు రాదేమో.”

“రాదు,” అంది గంగామణి. మేకలను అదిలించి నీడ చూసుకొని కూర్చుంది. అతనూ కూర్చున్నాడు.

లెక్క గురించి క్లబ్బువాళ్ళ నియమాలు వాళ్ళకున్నాయి. నాకు తెలిసింది నొక్కితే నడవడం, మళ్ళీ నొక్కితే నిలవడం, అంతే. కల్వర్టు దగ్గరి నొక్కుకూ ఆ తర్వాతి నొక్కుకూ మధ్య పదమూడు రోజులున్నాయని, అందులో సెలైను సీసాలు, రక్తంలో అంకెలు, ఒక దరఖాస్తు ఉన్నాయని నాలో ఎక్కడా నమోదు కాలేదు. సెకనులో నూరో వంతు కూడా వృథా పోలేదు. నా తెర మీద అదంతా ఒకే పరుగు.